ఒక్క చెత్త సినిమా కూడా చేయని నటుడు ఉంటాడా?

మన హాస్టళ్ళలో చదువు తర్వాత అందరం ఎక్కువగా మాట్లాడుకునేది సినిమాల గురించే. ఈ మాట చెప్పడానికి సిగ్గుపడనవసరం లేదు. రాత్రి భోజనాలయ్యాక కంచాలు కడుక్కునే పంపు దగ్గర మొదలైన వాదన లైట్లు ఆర్పేశాక కూడా దుప్పట్ల కింద సాగుతూనే ఉంటుంది. మా హీరోకి ఫ్లాపులే లేవని ఒకడంటాడు. మీవాడి సినిమా రెండో వారానికే ఎత్తేశారు కదరా అని ఇంకొకడంటాడు. ఈ వాదనలో గెలిచినవాడికి బహుమతి ఏమీ ఉండదు గాని, దాని అడుగున ఒక మంచి ప్రశ్న దాగి ఉంది. ముప్పై నలభై ఏళ్ళపాటు నటించిన మనిషి ఒక్క చెడ్డ సినిమా కూడా చేయకుండా ఉండగలడా? ఉండలేకపోతే దానికి కారణం తెలివితక్కువతనమా, డబ్బాశా, మరేదైనానా?

జవాబు ముందే చెప్పేస్తాను. ఉండలేడు. అయితే ఎందుకు ఉండలేడో తెలిస్తే మనం నటులను తూచే తక్కెడ కొంచెం మారుతుందని నా నమ్మకం. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఒక్క చెడ్డ చిత్రం కూడా లేని నటుడు నిజంగా ఉన్నాడా అని చూద్దాం. ఉన్నాడు. అమెరికాకు చెందిన ఆయన పేరు జాన్ కజాల్. ఆయన నటించిన పూర్తి నిడివి కథాచిత్రాలు 5 మాత్రమే. అవి 'ది గాడ్ ఫాదర్' (1972), 'ది కాన్వర్జేషన్' (1974), 'ది గాడ్ ఫాదర్ పార్ట్ 2' (1974), 'డాగ్ డే ఆఫ్టర్‌నూన్' (1975), 'ది డీర్ హంటర్' (1978). ఈ ఐదూ ఉత్తమ చిత్రం ఆస్కార్‌కు పోటీపడ్డాయి, అందులో 3 ఆ బహుమతి గెలుచుకున్నాయి కూడా. నూటికి నూరు మార్కులు వచ్చినట్లే. కాని ఆ ఐదో చిత్రం విడుదలయ్యేనాటికి కజాల్ లేరు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1978 మార్చిలో, 42 ఏళ్ళ వయసులో చనిపోయారు. ఇంకో ముప్పై ఏళ్ళు బతికి ఉంటే ఆయన కూడా ఏదో ఒక పనికిమాలిన చిత్రంలో కనిపించేవారనే నేననుకుంటాను. అది ఆయనకు అవమానమేమీ కాదు. బతికి, పనిచేస్తూ ఉన్నవాళ్ళందరికీ జరిగేదే ఆయనకూ జరిగేది.

సరే, బతికుండి కూడా చాలా తక్కువ చిత్రాలు చేసి, ఏరి ఏరి ఎంచుకున్నవాళ్ళ సంగతేమిటి? అటువంటివారిలో మొదట చెప్పుకోదగినవాడు ఇంగ్లండుకు చెందిన డేనియల్ డే లూయిస్. ఉత్తమ నటుడిగా 3 ఆస్కార్లు అందుకున్నారు. ఒక చిత్రానికీ ఇంకో చిత్రానికీ మధ్య ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండేవారు. 1997లో ఒక చిత్రం వచ్చాక ఇటలీ వెళ్ళి చెప్పులు కుట్టే పని నేర్చుకున్నారు. తర్వాతి చిత్రం మళ్ళీ 2002లోనే వచ్చింది. ఇంత జాగ్రత్త గల మనిషి 2009లో 'నైన్' అనే చిత్రం చేశారు. దర్శకుడు రాబ్ మార్షల్, అంతకు ముందు ఉత్తమ చిత్రం ఆస్కార్ పొందిన 'షికాగో' తీసినవాడు. తారాగణంలో ఆస్కార్ అందుకున్న నటీనటులు డే లూయిస్‌తో కలిపి ఆరుగురు. కథకు మూలం ఇటలీ దర్శకుడు ఫెల్లిని తీసిన ప్రసిద్ధ చిత్రం. ఇన్ని మంచి సరుకులు వేసి వండిన ఆ వంట రుచిగా లేదని విమర్శకులే తేల్చారు. పెట్టిన డబ్బు థియేటర్లలో తిరిగి రాలేదు. ఏరుకోవడంలో ప్రపంచంలోనే పేరున్న మనిషికి ఇలా జరిగితే, ఏడాదికి అయిదారు చిత్రాలు చేసేవాడి గతేమిటో ఊహించుకోండి.

అయిదారు కాదు, 18 చేసినాయన మన తెలుగులోనే ఉన్నారు. ఆయనే సూపర్‌స్టార్ కృష్ణగారు. ఈ విషయానికి ఆయన జీవితం కంటే మంచి పాఠం నాకు కనపడలేదు. అందుకని ఆయన దగ్గర కాసేపు ఆగుదాం.

గుంటూరు జిల్లా తెనాలి దగ్గర బుర్రిపాలెం ఆయన ఊరు. 1965లో ఆదుర్తి సుబ్బారావుగారి 'తేనె మనసులు'తో కథానాయకుడయ్యారు. 2022 నవంబరు 15న కన్నుమూసేనాటికి ఆయన నటించిన చిత్రాలు దాదాపు 350. ఒక్క 1972లోనే ఆయనవి 18 చిత్రాలు విడుదలయ్యాయి. లెక్కకట్టి చూడండి. 365 రోజులను 18తో భాగిస్తే సినిమాకు 20 రోజులు. రోజుకు మూడు షిఫ్టులు పనిచేసేవారని ఆయన గురించి అందరూ చెప్పుకునేవారు. ఉదయం ఒక చిత్రం, మధ్యాహ్నం ఒకటి, రాత్రికి ఇంకొకటి. అలా తీసిన 18 చిత్రాల్లో అన్నీ బాగుండడం మానవమాత్రుడి వల్ల అయ్యే పని కాదు. అయినా అదే 1972లో వచ్చిన 'పండంటి కాపురం' ఆ ఏటి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి తెచ్చుకుంది. అదే ఏడాది, అదే మనిషి, అవే మూడు షిఫ్టులు. వాటి మధ్యనుంచే జాతీయ బహుమతి చిత్రమూ వచ్చింది, ఇవాళ ఎవరికీ పేరు గుర్తులేని చిత్రాలూ వచ్చాయి.

ఆయన నూరో చిత్రం 'అల్లూరి సీతారామరాజు' (1974). తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం. విశాఖ మన్యంలో చింతపల్లి అడవుల్లో షూటింగు చేశారు. షూటింగు మధ్యలోనే దర్శకుడు వి. రామచంద్రరావుగారు చనిపోయారు. మిగిలిన భాగాన్ని కృష్ణగారే ముందుండి పూర్తి చేయించారు. దర్శకుడు సగంలో పోయిన సినిమా ఎలా ఉంటుందని అడిగితే ఎవరైనా ఏమంటారు? అతుకులబొంతలా ఉంటుందంటారు. కాని అది ఆయన జీవితంలోకెల్లా గొప్ప చిత్రమైంది. ఇవాళ్టికీ ఆగస్టు 15 వస్తే ఊళ్ళలో ఆ పాట మోగుతుంది.

ఇక్కడినుంచి కథ తిరగబడుతుంది. అంత గొప్ప విజయం తర్వాత ఆయనవి వరసగా పదికి పైగా చిత్రాలు జనాన్ని నిరాశపరిచాయి. అదే 1974 డిసెంబరులో వచ్చిన 'దేవదాసు' అందులో ఒకటి. అక్కినేని నాగేశ్వరరావుగారి 1953 నాటి 'దేవదాసు'ను అదే రోజుల్లో మళ్ళీ విడుదల చేస్తే పాతదే బాగా ఆడింది, కొత్తది ఆడలేదు. సీతారామరాజుగా కొండలు ఎక్కిన మనిషిని చూసిన కళ్ళతో జనం ఆయన్ను మామూలు పాత్రల్లో చూడలేకపోయారని అప్పట్లో చాలామంది అన్నారు. అంటే ఒక మంచి చిత్రమే తర్వాతి చిత్రాలకు అడ్డుపడిందన్నమాట. చివరకు 1976 సంక్రాంతికి సొంత సంస్థ పద్మాలయా మీద 'పాడిపంటలు' తీసి మళ్ళీ నిలబడ్డారు.

మరుసటి ఏడాది సంక్రాంతి ఇంకా ఆసక్తికరం. 1977 జనవరి 14న ఒకేరోజు రెండు భారత కథలు విడుదలయ్యాయి. ఒకటి ఎన్.టి.రామారావుగారు స్వయంగా దర్శకత్వం వహించి, కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడుగా మూడు పాత్రలు వేసిన 'దానవీరశూర కర్ణ'. రెండోది కృష్ణగారు అర్జునుడిగా, శోభన్‌బాబు శ్రీకృష్ణుడిగా, కృష్ణంరాజు కర్ణుడిగా నటించిన 'కురుక్షేత్రం'. దానికి దర్శకుడు ఎవరనుకున్నారు? 'నర్తనశాల' (1963) తీసిన కమలాకర కామేశ్వరరావుగారు. పౌరాణికాలు తీయడంలో ఆయనను మించినవారు లేరని పేరు. పౌరాణిక చిత్రం చేయదలచుకున్న నటుడు అంతకంటే మంచి దర్శకుణ్ణి ఎక్కడ వెతుకుతాడు? అయినా 'దానవీరశూర కర్ణ' చరిత్రకెక్కింది, 'కురుక్షేత్రం' వెనకబడిపోయింది. ఎంపికలో లోపం ఎక్కడుందో చూపించమంటే నేను చూపించలేను.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నటుడికి తన సినిమా ఎప్పుడు కనపడుతుంది? మనం టిక్కెట్టు కొనేముందు పోస్టరు చూస్తాం, ట్రైలరు చూస్తాం, ముందు ఆట చూసి వచ్చినవాణ్ణి అడుగుతాం. నటుడికి ఈ సౌకర్యాలేవీ లేవు. ఆయన ఒప్పుకునేనాటికి సినిమాయే లేదు. ఒక గదిలో కూర్చుని దర్శకుడు రెండు గంటలు కథ చెబుతాడు. చెప్పడం వచ్చినవాడు చెబితే ప్రతి కథా బాగానే ఉంటుంది. అడ్వాన్సు తీసుకుని కాల్షీట్లు ఇస్తారు. షూటింగు మొదలయ్యాక కథ వరసలో సాగదు. సెట్టు దొరికినప్పుడు ఆఖరి పోరాటం ముందు తీస్తారు, హీరోయిన్ డేట్లు ఉన్నప్పుడు పాటలు తీస్తారు. మొదటి సన్నివేశం నాలుగు నెలల తర్వాత తీయవచ్చు. ముక్కలు ముక్కలుగా నటించి వెళ్ళిపోతాడు తప్ప, ఆ ముక్కలన్నీ కలిస్తే ఏమవుతుందో ఆయనకు తెలియదు. తర్వాత ఎడిటింగు గదిలో ఏవి ఉంటాయో, ఏవి పోతాయో ఆయన చేతిలో లేదు. నిర్మాత దగ్గర డబ్బు అయిపోతే రెండు పాటలూ ఒక పోరాటమూ చుట్టచుట్టేస్తారు. ఫైనాన్షియరు ఒత్తిడి చేస్తే పని పూర్తిగా అవకముందే విడుదల తేదీ ప్రకటిస్తారు. అదే వారం ఇంకో పెద్ద చిత్రం వస్తే థియేటర్లు దొరకవు. మొదటి కాపీ చూసే రోజున నటుడికి తను చేసింది ఎలాంటి సినిమాయో తెలుస్తుంది. ఆ రోజున తెలిసి ప్రయోజనం లేదు.

మా నాన్న మిరప చేలకు కూలికి పోయేవారు. ఏ చేను బాగా పండుతుందో, ఏ చేనుకు తెగులు తగులుతుందో లెక్క చూసుకుని కూలికి పోయినవాళ్ళు మా పేటలో నాకెవరూ తెలియదు. పిలిచిన చేనుకు పోతారు. కోత సరిగా కోశామా లేదా అన్నంతవరకే వాళ్ళ చేతిలో ఉంటుంది. లక్షలూ కోట్లూ తీసుకునే నటుణ్ణి కూలివాడితో పోల్చడం బాగోలేదని మీరనవచ్చు. డబ్బు మాట అటుంచండి. పంట తనది కాకపోవడం అన్న ఒక్క విషయంలో ఇద్దరూ ఒకటే.

ఈ మధ్య జరిగింది ఒకటి చూడండి. దర్శకుడు కొరటాల శివ 'మిర్చి' (2013), 'శ్రీమంతుడు' (2015), 'జనతా గ్యారేజ్' (2016), 'భరత్ అనే నేను' (2018) అని వరసగా నాలుగు విజయాలు ఇచ్చినవాడు. ఆయన కథకు చిరంజీవి, రామ్‌చరణ్ తండ్రీకొడుకులు కలిసి ఒప్పుకున్నారు. మన హాస్టల్లో ఎవరిని అడిగినా ఒప్పుకోమనే అనేవాళ్ళు. ఆ 'ఆచార్య' 2022 ఏప్రిల్‌లో విడుదలై ఎంత ఘోరంగా దెబ్బతిందో మీకు తెలుసు. 1995లో 'బిగ్‌బాస్', 'రిక్షావోడు' దెబ్బతిన్నాక చిరంజీవిగారు 1996 అంతా ఒక్క తెలుగు చిత్రం కూడా విడుదల చేయకుండా ఆగి, ఆలోచించుకుని, 1997లో 'హిట్లర్'తో వచ్చారు. అలా ఆగడం ఫలించింది. కాని ఆగి ఆలోచించడం నేర్చుకున్న ఆ మనిషికే 2001లో 'మృగరాజు' వచ్చింది, 2023లో 'భోళాశంకర్' వచ్చింది. అనుభవం పెరిగేకొద్దీ తప్పులు తగ్గుతాయన్న సూత్రం లెక్కల పరీక్షకు పనికొస్తుందేమో గాని సినిమాకు అంతగా పనికిరాదు.

అదృష్టం కూడా రెండువైపులా పనిచేస్తుంది. 'మిస్సమ్మ' (1955)లో ముందు నాయికగా ఉన్నది భానుమతిగారు. ఆమెకూ నిర్మాత చక్రపాణిగారికీ పొసగక ఆమె తప్పుకుంటే ఆ పాత్ర సావిత్రిగారికి వచ్చింది. సావిత్రి ఎంచుకున్న చిత్రం అనలేం, ఆమె దగ్గరికి నడిచి వచ్చిన చిత్రం అది. ఎస్.వి.రంగారావుగారి మొదటి చిత్రం 'వరూధిని' ఆడలేదు. ఆయన సినిమాలు వదిలేసి జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా కంపెనీలో ఉద్యోగంలో చేరారు. మళ్ళీ పిలుపు రాకపోతే మనకు 'పాతాళభైరవి' (1951) మాంత్రికుడు లేడు, 'మాయాబజార్' (1957) ఘటోత్కచుడూ లేడు.

ఇంతవరకూ తెలియక చేసే చెడ్డ చిత్రాల సంగతి. బాగుండదని తెలిసి కూడా చేసేవి ఉన్నాయి కదా, వాటి మాటేమిటి? ఇక్కడే నాకు చెప్పాలనిపించే ముఖ్యమైన విషయం ఉంది.

పైన చెప్పిన డేనియల్ డే లూయిస్ తండ్రి ఇంగ్లండు ఆస్థానకవి. తల్లివైపు తాత లండన్‌లో పెద్ద సినిమా స్టూడియోను నడిపినవాడు. అయిదేళ్ళు పని మానేసి చెప్పులు కుట్టడం సరదాగా నేర్చుకోగల స్థితి ఆయనది. (మన తాతలు ఆ పని సరదాకు నేర్చుకోలేదు.) అదే ఇంగ్లండులో మైకేల్ కెయిన్ అని ఇంకో గొప్ప నటుడు ఉన్నారు. తండ్రి లండన్ చేపల మార్కెట్టులో మూటలు మోసే కూలీ. తల్లి వంటలు చేసి, ఇళ్ళు తుడిచి సంపాదించేది. కెయిన్ వందకు పైగా చిత్రాల్లో నటించి, 90 ఏళ్ళ వయసులో 2023లో విరమించుకున్నారు. ఆయనకు మొదటి ఆస్కార్ ప్రకటించిన 1987 నాటి రాత్రి ఆయన ఆ సభలో లేరు. 'జాస్: ది రివెంజ్' అనే సొరచేప సినిమా షూటింగులో ఉన్నారు. ఎంత చెడ్డ చిత్రమంటే దాన్ని ఇవాళ్టికీ చెత్త చిత్రాలకు ఉదాహరణగా చెప్పుకుంటారు. ఆ సినిమా తాను ఎప్పుడూ చూడలేదనీ, దాని డబ్బుతో కట్టుకున్న ఇల్లు మాత్రం చూశాననీ, అది చాలా బాగుందనీ ఆయనే తర్వాత నవ్వుతూ చెప్పుకున్నారు.

ఈ ఇద్దరిలో ఎవరు గొప్ప నటుడని అడిగితే పండితులు డే లూయిస్ అనవచ్చు. నేను కాదనను. కాని వద్దు అని చెప్పడానికి కూడా వెనక ఆస్తి ఉండాలి. రేపటి అద్దెకు చింతలేనివాడి 'వద్దు' వేరు, ఇంటినిండా తినే నోళ్ళున్నవాడి 'వద్దు' వేరు. ఇది మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఇంటర్ అయ్యాక ఇష్టమైన కోర్సు కోసం ఒక ఏడాది ఆగి కోచింగు తీసుకునేవాళ్ళూ, వచ్చిన సీటులో వెంటనే చేరిపోయేవాళ్ళూ ఒకే మార్కులవాళ్ళు కావచ్చు.

అమితాబ్ బచ్చన్ అంతటివాడికే ఆ అవసరం వచ్చింది. 1995లో ఆయన పెట్టిన ఎ.బి.సి.ఎల్. సంస్థ అప్పుల్లో మునిగింది. ఆ రోజుల్లో వచ్చిన 'మృత్యుదాత' (1997) వంటివి ఆయన అభిమానులు కూడా తలచుకోరు. 2000 జులైలో 'కౌన్ బనేగా కరోడ్‌పతి' మొదలై ఆయన్ను మళ్ళీ నిలబెట్టింది. సావిత్రిగారికి అలాంటి జులై రాలేదు. 'దేవదాసు', 'మిస్సమ్మ', 'మాయాబజార్' చేసిన తల్లి, సొంత చిత్రాలు దెబ్బతిని ఆస్తులు పోయాక 1970లలో చిన్నా చితకా పాత్రలకు ఒప్పుకున్నారు. 1981 డిసెంబరు 26న చనిపోయారు. ఆ చివరి చిత్రాలను చూసి ఆమె ఎంపిక బాగోలేదని అనేవాడు ఉంటే వాడికి ఎంపిక అనే మాటకు అర్థం తెలియదు.

ఇక తెర మీద హీరో వెనకాల గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టుల సంగతి. వాళ్ళకు రోజు లెక్కన కూలి. చిత్రం బంగారు నంది తెచ్చుకున్నా, మొదటి ఆటకే జనం లేచిపోయినా ఆ రోజు కూలి ఆ రోజుదే. లైట్లు మోసేవాళ్ళు, వంట చేసేవాళ్ళు, డ్రైవర్లు అందరూ అంతే. కృష్ణగారు తన చిత్రం పోయిన నిర్మాతను పిలిచి మరో చిత్రం చేసిపెట్టేవారని, డబ్బు కోసం పట్టుబట్టేవారు కాదని పరిశ్రమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నష్టపోయిన నిర్మాత కోసం తొందరగా చేసిన ఆ రెండో చిత్రం కూడా గొప్పగా ఉండకపోవచ్చు. 350 చిత్రాల్లో అటువంటివి ఎన్ని ఉన్నాయో! వాటిని చెత్త అని కొట్టేసేముందు ఆ డబ్బుతో ఎన్ని ఇళ్ళల్లో పొయ్యి వెలిగిందో కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇంతకీ చెడ్డ సినిమా అంటే ఏమిటి? మనం ఆ మాటను మూడు రకాలుగా వాడేస్తున్నాం. డబ్బు రానిది చెడ్డదంటాం. సరిగా తీయనిది చెడ్డదంటాం. మనుషులకు చెడు చేసేది కూడా చెడ్డదంటాం. మూడూ వేరు వేరు.

డబ్బు రానిదాన్ని చెడ్డదనడం తొందరపాటు. 'ఖలేజా', 'ఆరెంజ్' రెండూ 2010లో విడుదలై నష్టపోయినవే. తర్వాత టీవీలో చూసీ చూసీ జనం వాటిని ఇష్టపడ్డారు. 2023లో 'ఆరెంజ్'ను, 2025లో 'ఖలేజా'ను మళ్ళీ విడుదల చేస్తే కుర్రవాళ్ళు థియేటర్లకు బారులు తీరారు. సినిమా అదే. మారింది చూసేవాళ్ళు. 'షోలే' (1975) కూడా మొదటి రోజుల్లో పోయిందనుకున్నారు. ఆ తర్వాత బొంబాయి మినర్వాలో ఏళ్ళ తరబడి ఆడింది. సరిగా తీయనిది నిజంగానే చెడ్డది, కాని దానిలో నటుడి వాటా కొంతే అని పైన చెప్పుకున్నాం.

మూడోది మాత్రం నటుడి చేతిలో ఉంది. నల్లగా ఉన్న పిల్లను చూసి నవ్వే డైలాగు, నత్తిని, అంగవైకల్యాన్ని ఎగతాళి చేసే హాస్యం, వద్దన్న అమ్మాయి వెంటపడి వేధించడాన్ని ప్రేమ అని చూపించే పాట. ఇవి ఎడిటింగు గదిలో పుట్టవు. కాగితం మీద రాసి నటుడి చేతికిస్తారు, ఆయన తన నోటితో పలుకుతాడు. సినిమా ఆడుతుందో లేదో తెలియకపోవచ్చు గాని, ఆ మాట ఎవరికి తగులుతుందో పలికేవాడికి తెలుస్తుంది. చాలా ఏళ్ళపాటు మన చిత్రాల్లో తెలంగాణ యాసను రౌడీలకో, నవ్వించే పనివాళ్ళకో పెట్టేవారు. తెలంగాణ ఉద్యమకాలంలో దీనిని గట్టిగా ప్రశ్నించారు. తర్వాత 'ఫిదా' (2017)లో కథానాయిక, 'బలగం' (2023)లో ఊరు ఊరంతా ఆ యాసలోనే మాట్లాడారు, జనం నెత్తిన పెట్టుకున్నారు. ఆ 'ఫిదా' నాయిక సాయిపల్లవి 2019లో ముఖం తెల్లబడే క్రీము ప్రకటన ఒకటి వద్దన్నారు. సుమారు 2 కోట్ల రూపాయల ఒప్పందం అని పత్రికలు రాశాయి. అది సినిమా కాదు, ప్రకటనే. కాని నటులు వద్దనగలిగేది ఎక్కడో అది చూపిస్తుంది. మన పంపు దగ్గర వాదనల్లో కలెక్షన్ల లెక్క బదులు ఈ లెక్క ఎవరైనా తీస్తే వినాలని నాకు ఎప్పటినుంచో కోరిక. మీ హీరో ఎన్ని కోట్లు తెచ్చాడు అని కాక, మన వాడలను, మన రంగును, మన అక్కచెల్లెళ్ళను చూసి నవ్వే డైలాగు ఎన్నిసార్లు చెప్పాడు అని అడగాలి. చాలామంది పెద్దపేర్లు ఆ లెక్కలో కిందికి దిగుతాయి.

చెడ్డ చిత్రంలో ఇరుక్కున్న నటుడు ఏం చేయగలడన్నది ఇంకా మిగిలింది. తన పని తాను బాగా చేయగలడు. అత్తిలిలో తెలుగు లెక్చరరుగా పనిచేసిన బ్రహ్మానందంగారు జంధ్యాలగారి 'అహ నా పెళ్ళంట' (1987)తో పైకి వచ్చి, 2010లో అత్యధిక చిత్రాల్లో నటించిన జీవించి ఉన్న నటుడిగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. ఇప్పటికి ఆయనవి వెయ్యికి పైగా చిత్రాలు. వాటిలో ఎన్నో ఆడలేదు. వాటి కథలు మనకు తెలియవు, హీరోలు ఎవరో గుర్తులేదు. కాని వాటిలో బ్రహ్మానందం వచ్చే పది నిమిషాలు మాత్రం టీవీలో, ఫోన్లలో ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. సినిమా మునిగినా ఆ పది నిమిషాలు ఒడ్డుకు చేరాయి. అదే మనిషి 2023లో 'రంగమార్తాండ'లో ఒక ముసలి నటుడి పాత్రలో ఆస్పత్రి మంచం మీద నుంచి మాట్లాడుతుంటే, ఆయన్ను చూసి నవ్వడం తప్ప ఎరగనివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆ చిత్రానికి మెచ్చుకోలు వచ్చినంతగా డబ్బు రాలేదు.

కోట శ్రీనివాసరావుగారిది కూడా ఇదే దారి. స్టేట్ బ్యాంకు ఉద్యోగం చేస్తూ 1978లో 'ప్రాణం ఖరీదు'తో సినిమాల్లోకి వచ్చారు. చిరంజీవిగారు తెరమీద మొదట కనపడిందీ ఆ చిత్రంలోనే. కోటగారు 2025 జులై 13న చనిపోయేనాటికి 750కి పైగా చిత్రాలు చేశారు. ఆ 750లో కోట బాగా చేయని సినిమా ఒక్కటి చెప్పమని మా ఊరి టీ కొట్టు దగ్గర ఒకసారి పందెం వేసుకున్నారు. బాగోలేని సినిమాల పేర్లు ఒక పేజీ నిండా వచ్చాయి. వాటిలో కోట బాగా చేయనిది మాత్రం ఎవరూ చెప్పలేక, చివరకు టీ డబ్బులు ఎవరివి వాళ్ళే ఇచ్చుకున్నారు.